ఏం అడ్డొచ్చింది?

నాకు ప్రమోషను వచ్చిందని తెలిసిన రోజున మా ఇంట్లో ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి వీధి వీధంతా పంచారు. సరిగ్గా మూడు నెలలు తిరక్కుండానే మా అత్తగారు మా వారిని వంటింట్లోకి పిలిచి, "అమ్మాయికి దిష్టేమైనా తగిలిందేమోరా, కాస్త ఉప్పూ మిరపకాయలూ తిప్పి పారేద్దామా?" అని రహస్యంగా అడిగారు. ఆవిడ అనుమానంలో తప్పేమీ లేదు. అప్పటికి వారం రోజులుగా నేను రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, అందులోని మనిషిని, "నువ్వు ఏం సాధించాలనుకుంటున్నావు? ఇప్పుడు పరిస్థితి ఎలా ఉంది?" అని మహా మర్యాదగా అడుగుతున్నాను. అద్దంలోని మనిషి ఒక్కనాడూ తిన్నగా జవాబు చెప్పలేదు.

అసలు సంగతి మొదటినుంచీ చెబుతాను. విన్నాక మీరూ నవ్వుకోవచ్చు.

పద్దెనిమిదేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా, ఆ తరవాత ఆఫీసరుగా పనిచేశాక, 2023 వేసవిలో నన్ను మేనేజరుని చేసి రావులపాలెం వేశారు. ఏ బ్యాంకన్నది ఎందుకు లెండి. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటామంటే కోనసీమ వాకిట్లో కాలు పెట్టినట్టే. ఇంకా తెల్లవారకుండానే సైకిళ్ళకీ మోపెడ్లకీ అటూ ఇటూ అరటిగెలలు కట్టుకుని రైతులు మార్కెట్టు యార్డుకి వచ్చేస్తుంటారు. దూరాన్నించి చూస్తే మనిషి కనపడడు. గెలలే నడిచి వస్తున్నాయా అనిపిస్తుంది. కర్పూర చక్కెరకేళి, బుషావళి, అమృతపాణి, బొంత, వేటి రాశి దానిదే, వేటి ధర దానిదే. ఎండెక్కేసరికి అవన్నీ లారీలెక్కి ఒడిశాకీ బెంగాలుకీ ప్రయాణం కడతాయి. ఆ డబ్బు మా కౌంటరు దగ్గరికి వస్తుంది. నోట్లకి కూడా అరటి జిగురు వాసనే.

పద్దులూ, వడ్డీలూ, తనఖాలూ నాకు కొట్టిన పిండి. కొత్తగా నా చేతికి వచ్చినవి మనుషులు. తొమ్మిదిమంది.

ఆ తొమ్మిదిమందిలో ఒకడు ఫీల్డ్ ఆఫీసరు. అనంతపురం జిల్లా కుర్రవాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. వ్యవసాయం చదువుకున్నాడు. ఎప్పుడు చూసినా ఇస్త్రీ చొక్కా, తలెత్తకుండా పని. కాని అతని బల్లమీద పదకొండు ఫైళ్ళు నెలరోజులుగా కదలకుండా కూచున్నాయి. అన్నీ గోదావరి మధ్య లంకల్లో చేసుకునే కౌలు రైతులవి. ఆఫీసరు వెళ్ళి పంట చూసి, కొలిచి, ఫోటో తీసుకుని వస్తేగాని అప్పు మంజూరు కాదు. ఎప్పుడు అడిగినా, "వెళ్తాను మేడమ్" అంటాడు. వెళ్ళడు.

పంట రుణానికి అప్పటికి బ్యాంకు వడ్డీ ఏడు శాతం. గడువులోగా తీర్చేస్తే ప్రభుత్వ రాయితీ పోను నాలుగు శాతమే పడుతుంది. బయట నూటికి నెలకి రెండూ మూడూ తీసుకుంటారు. అంటే ఏడాదికి ఇరవై నాలుగూ, ముప్ఫై ఆరూ! కనక మా ఫైలు ఒక నెల నిద్రపోయిందంటే అవతల ఒక సంసారం అప్పుల వాళ్ళ గుమ్మం ఎక్కిందన్నమాటే.

ఆగస్టులో ఒక సోమవారం. లంకనుంచి ఒకావిడ వచ్చింది. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి. "అమ్మా, ఎరువు వేసే అదును దాటిపోతోంది. ఇవ్వరంటే ఇవ్వరని చెప్పెయ్యండి. మా తిప్పలు మేం పడతాం," అంది. ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. గదిలోంచి లేచి వచ్చి, హాలు మధ్య నిలబడి, ఆ అబ్బాయిని పట్టుకుని, "ఎందుకు వెళ్ళలేదయ్యా? నెల్లాళ్ళనుంచీ ఎందుకు వెళ్ళలేదు? జీతం తీసుకోవడం లేదూ?" అని గట్టిగా అరిచాను.

హాలంతా నిశ్శబ్దం. పాస్‌బుక్కులు అచ్చువేసే యంత్రం ఒక్కటే కరకర మంటోంది. అతను, "వెళ్తాను మేడమ్" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు సెలవు చీటీ వచ్చింది. నాలుగు రోజులకి మనిషి వచ్చాడు గాని లంకకి మాత్రం వెళ్ళలేదు. ఆ సాయంత్రం మా అటెండరు తలుపు దగ్గర నసుగుతూ నిలబడి, "ఆయ్, చెప్పొచ్చో లేదో తెలీదండి. ఉద్యోగం మానేస్తే బాండు డబ్బు ఎంత కట్టాలని ఆ బాబు అడుగుతున్నాడండి," అన్నాడు.

అతను ఇంకా ప్రొబేషనులో ఉన్నాడు. ఖాయం చెయ్యాలా వద్దా అన్న రిపోర్టు డిసెంబరులో నేనే రాయాలి. నా కలం పోటుతో ఎక్కడో అనంతపురంలో ఒక ఇంటి దీపం ఆరిపోవచ్చు. ఇటు చూస్తే పదకొండు కుటుంబాలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరిగ్గా అప్పుడే కొత్త మేనేజర్లకు విశాఖపట్నంలో మూడు రోజుల శిక్షణ అని ఉత్తరువు వచ్చింది. విషయం: ఉద్యోగులతో కోచింగ్ సంభాషణలు. "కోచింగా? ఈ వయసులో ఏ పరీక్షకి?" అన్నారు మా వారు. మన దేశంలో ఆ మాట వినగానే ఎంసెట్ తప్ప మరోటి గుర్తుకు రాదు కదా!

అక్కడ చెప్పిన సంగతులు కొన్ని నిజంగా బాగున్నాయి. కోచ్ అన్న మాట హంగరీ దేశంలోని ఒక పల్లెటూరి పేరుట. అయిదారువందల ఏళ్ళనాడు ఆ ఊళ్ళో మంచి గుర్రబ్బళ్ళు తయారుచేసేవారు. ఊరిపేరే బండికి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు విద్యార్థులు, తమని పరీక్ష గట్టెక్కించే మాష్టరుకి హాస్యానికి ఆ పేరు పెట్టారు. కోచ్ అంటే, మనిషి వెళ్ళదలచుకున్న చోటికి చేర్చే బండి అన్నమాట. రైలు లేని మా రావులపాలేనికి ఆ విధంగా నేనొక కోచ్ ని.

తిమోతీ గాల్వే అని అమెరికాలో ఒక టెన్నిస్ గురువు. 1974లో 'ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్' అని పుస్తకం రాశాడు. "బంతిని చూడు, బంతిని చూడు" అని అరిస్తే శిష్యుడు బిగుసుకుపోతున్నాడని అతను కనిపెట్టాడు. అరవడం మానేసి, బంతి నేలకి తగిలినప్పుడు ఒక మాట, బ్యాటుకి తగిలినప్పుడు ఒక మాట పైకి అనమన్నాడు. ఆ మాటలు సమయానికి అనాలంటే బంతిని చూడక తప్పదు కదా! చెప్పకుండానే చూడడం వచ్చేసింది. మోటారు పందాలనుంచి ఈ దారికి వచ్చిన జాన్ విట్‌మోర్ అనే ఇంగ్లీషాయన ఈ పద్ధతిని కార్యాలయాల్లోకి తెచ్చి 1992లో 'కోచింగ్ ఫర్ పెర్ఫార్మెన్స్' రాశాడు. అందులో సంభాషణకి నాలుగు మెట్లు కట్టాడు. చేరదలచిన గమ్యం ఏది, ఇప్పుడున్న స్థితి ఏది, ముందున్న దారులేవి, వాటిలో ఏది ఎప్పుడు చేస్తావు. అంతే. వినడానికి ఉప్మా చేసే విధానంలా సులువుగా ఉంది.

చెయ్యబోతే తెలిసింది. మమ్మల్ని ముగ్గురేసి చొప్పున కూచోబెట్టారు. ఒకరు మేనేజరు, ఒకరు ఉద్యోగి, మూడోవారు పెన్సిలుతో లెక్క రాసేవారు. నా పది నిమిషాలు అయ్యాక ఆ మూడో ఆయన కాయితం చదివాడు. పదింట్లో ఏడు నిమిషాలు నేనే మాట్లాడానుట. అయిదు ప్రశ్నలు వేశానుట. అందులో మూడు ప్రశ్నలే కావుట! "నువ్వు పొద్దున్నే బయల్దేరితే బాగుండదూ?" అన్నాను నేను. అది సలహా. చివర ప్రశ్నార్థకం తగిలించినంత మాత్రాన సలహా ప్రశ్న అయిపోదు. సిగ్గేసింది. ఇంటికి వెళ్ళాక రోజూ సాధన చెయ్యమన్నారు. అదీ అద్దం కథ.

అద్దంతో లాభం లేక మా వారిని పట్టుకున్నాను. ఆయన హైస్కూల్లో లెక్కల మాష్టరు. "మీరు ఫీల్డ్ ఆఫీసరు. నేను మేనేజరుని. ఇప్పుడు మీ పరిస్థితి ఏమిటి?" అన్నాను. "పదకొండు ఫైళ్ళు. రోజుకి మూడు చొప్పున నాలుగు రోజులు. నాలుగో రోజు రెండే కనక సగం పూట సెలవు. అయిపోయింది," అని పేపరు విప్పుకున్నారు. రెండు నిమిషాల్లో నా కోచింగ్ ముగిసింది.

ఇదంతా వింటున్న మా అత్తగారు, "నాకివ్వండర్రా ఆ వేషం. చిన్నప్పుడు బళ్ళో సక్కుబాయి వేస్తే చప్పట్లు కొట్టారు," అని వచ్చి ఉయ్యాలబల్ల మీద కూచున్నారు. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. పుట్టిల్లు లంకలోనే.

"ఏమయ్యా, లంకకి ఎందుకు వెళ్ళలేదు?" అన్నాను.

"జొరవొచ్చిందండి."

"జ్వరం తగ్గాక ఎందుకు వెళ్ళలేదు?"

"మా మేనత్త పోయిందండి."

"మొన్న శుక్రవారం ఖాళీయే కదా, ఎందుకు వెళ్ళలేదు?"

"బండి టైరు పంచరైందండి." మా వారు పేపరు చాటున నవ్వుతున్నారు.

నాకు విసుగొచ్చి, "అత్తయ్యగారూ, ఇలా అయితే ఎలాగండీ? అన్నీ అబద్ధాలే చెబుతున్నారు!" అన్నాను.

ఆవిడ వేషం చాలించి, మామూలు గొంతుతో అన్నారు: "నువ్వు 'ఎందుకు' అన్నప్పుడల్లా నా నోట్లో అబద్ధం సిద్ధంగా ఉంటోందమ్మా. నేనేం చేసేది? కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు 'కూర ఎందుకు మాడింది' అనేవారు. ఎందుకు అంటే ఏం చెబుతాం? తప్పు నాదేనని ఒప్పుకోవాలి, లేకపోతే సాకు చెప్పాలి. మూడోది లేదు. అదే మా ఆడపడుచు ఒకర్తి ఉండేది. 'ఏం అడ్డొచ్చింది వదినా?' అనేది. దానికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని."

విశాఖపట్నంలో ఇదే మాట అచ్చుకాయితం మీద ఉంది. చదివాను, కింద గీత కూడా గీశాను. కాని అర్థమైంది ఉయ్యాలబల్ల దగ్గరే.

ఆ క్షణంలో నాకు మరో సంగతి తట్టింది. రోజూ రాత్రి నేను ఆవిణ్ణి అడిగే మాట ఒకటే: "అత్తయ్యగారూ, రక్తపోటు మాత్ర ఎందుకు వేసుకోలేదు?" ఆవిడ రోజూ, "మర్చిపోయానమ్మా" అంటారు. ఏడాదిగా ఇదే వరస. ఇప్పుడు మెల్లిగా, "మాత్ర వేసుకోడానికి ఏం అడ్డొస్తోందండీ?" అన్నాను.

ఉయ్యాల ఆగింది. ఆవిడ కాసేపు నేలవంక చూశారు. "ఆ మాత్ర వేసుకుంటే రాత్రి మూడుసార్లు లేవాల్సొస్తోందే. దొడ్లోకి వెళ్ళాలి. దీపం మీట అవతలి గోడకి ఉంది. చీకట్లో అక్కడిదాకా వెళ్ళాలంటే పడిపోతానని భయం. పడి నడుం విరిగితే మీ ఇద్దరికీ ఉద్యోగాలు. నన్నెవరు చూస్తారు?"

మా వారి చేతిలో పేపరు దించారు. మర్నాడు డాక్టరుగారికి చెబితే, ఆ మాత్ర పొద్దుటి పూట వేసుకోవచ్చన్నారు. మంచం పక్కకి ఒక మీట వేయించడానికి ఎలక్ట్రీషియనుకి అరగంట పట్టింది. ఏడాదిపాటు 'మతిమరుపు' అని మేం పేరుపెట్టిన జబ్బు అది.

సెప్టెంబరు మొదటి వారంలో ధైర్యం చేశాను. ముందుగా చెయ్యవలసినది ఒకటుంది. హాల్లో అరిచాను కనక హాల్లోనే చెప్పాలి. పొద్దున్న తలుపులు తెరవకముందు అందరూ ఉండగా, "ఆ రోజు నేను నలుగురిలో అరవడం తప్పు. నన్ను మన్నించాలి," అన్నాను. గొంతు కాస్త వణికింది. అతను ఏమీ అనలేదు. తలవంచుకుని కంప్యూటరు తెరిచాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక భోజనాల గదిలో టీ పెట్టించాను. నా గదిలో అయితే మధ్యన బల్ల ఉంటుంది. బల్లకి ఇవతలివాళ్ళు ఎప్పుడూ మేనేజరే. కనక ఒకే పక్కన రెండు కుర్చీలు వేసుకుని కూచున్నాం. బట్టీ పట్టిన నాలుగు మెట్లూ మొదటి గుక్క టీతోనే మరిచిపోయాను. గుర్తున్నది ఒక్కటే.

"లంక ఫైళ్ళ విషయంలో ఏం అడ్డొస్తోందయ్యా?"

అతను మాట్లాడలేదు. నాలుక చివర నాకు పది వాక్యాలు నిలబడి ఉన్నాయి. మింగాను. పైన ఫ్యాను తిరుగుతోంది. దాని రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నిశ్శబ్దం అంత బరువుగా ఉంటుందని నాకు అంతవరకూ తెలీదు. ఒక నిమిషమే అయి ఉంటుంది గాని గోదావరి పుష్కరమంత గడిచినట్టుంది.

"మేడమ్, రేవు దాకా మూడుసార్లు పోయినాను," అన్నాడు చివరికి. "బండి ఆపి నీళ్ళు చూసి తిరిగొచ్చేసినాను. నాకు ఈత రాదు. మా ఊళ్ళో చెరువు నిండితేనే పండగ. ఇన్ని నీళ్ళు నేను పుట్టి ఎరగను. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది కదా, అప్పుడు హాస్టల్లో టీవీ ముందు కూచుని రాత్రంతా చూసినాను. పడవ మీద కాలు పెట్టబోతే అదే గుర్తొస్తుంది. మగవాణ్ణి, ఆఫీసర్ని, నీళ్ళంటే భయమని ఎవరికి చెప్పుకునేది?"

ఒకటి ఒప్పుకోవాలి. "ఇంతేనా!" అన్న మాట నా పెదవులదాకా వచ్చింది. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని. పడవంటే మాకు రిక్షా లాంటిది. ఆ ఒక్కమాట అని ఉంటే అతను మళ్ళీ జన్మలో నాకు నిజం చెప్పేవాడు కాడు. పైగా అతని భయం వెర్రిభయమేమీ కాదు. 2019 సెప్టెంబరు 15న ఆ పడవతో పాటు ఎన్ని ఇళ్ళు మునిగాయో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు.

"అయితే మన ముందు ఏమేం దారులున్నాయి?" అన్నాను.

మొదట, "నన్ను బదిలీ చెయ్యండి" అన్నాడు. రాసుకున్నాను. "ఇంకా?" అన్నాను. రైతుల్ని ఒక రోజు ఇవతలి రేవు దగ్గరికే రమ్మంటే కాగితాల పని అంతా అక్కడే అయిపోతుందన్నాడు. అది నాకు తట్టనే లేదు! సగం పని లంకలోకి వెళ్ళకుండానే తీరిపోతుంది. "ఇంకా?" లైఫ్ జాకెట్టు ఉంటే వెళ్ళగలనేమో అన్నాడు. నీళ్ళు తక్కువ ఉన్న రోజున. "నీళ్ళ సంగతి నాకు తెలిసినదొకటి చెప్పనా?" అని అడిగి, అతను ఊఁ అన్నాకే చెప్పాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా అత్తగారికి ఈ అంకెలు పిల్లల పుట్టినరోజుల్లా నోటికి వచ్చు. అతను జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. "అయితే మొదటి హెచ్చరిక ఉన్ననాడు వెళ్ళను. దానికి బాగా కింద ఉంటే వెళ్తాను. బేస్తవారం," అన్నాడు తనంతట తనే.

"నేను తోడు రానా?"

"వద్దు మేడమ్. మీరొస్తే మీకోసం ధైర్యం నటించాల. అటెండరన్న చాలు. ఆయన ముందర భయపడినా పరవాలేదు."

ఆ మాటకి నాకు నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. బదిలీ అన్న కాగితం అతనే తీసుకుని చింపేశాడు.

బేస్తవారంనాడు పదిన్నర దాటాక ఫోను మోగింది. ముందు గాలి హోరు వినిపించింది. తరవాత, "దిగినాను మేడమ్," అన్నాడు. అంతే. సాయంత్రం మోకాళ్ళదాకా బురదతో, ఇస్త్రీ పోయిన చొక్కాతో, చేతిలో ఒక అరటి అత్తంతో వచ్చాడు. "డబ్బిచ్చే కొన్నాను మేడమ్" అని ముందే చెప్పేశాడు. నెలాఖరుకి పదకొండింట్లో తొమ్మిది అప్పులు మంజూరయ్యాయి. తక్కిన రెండింటికీ కాగితాలు సరిగ్గా లేవు. ఆ సంగతైనా వాళ్ళకి తేటగా చెప్పగలిగాం.

ఇదంతా విని, మనుషుల్ని తీయగా ప్రశ్నలడిగితే చాలు, ఆఫీసులు నడిచిపోతాయని మీరు అనుకోకండి. అక్టోబరులో ఒకనాడు మా స్ట్రాంగ్ రూము తాళాలు రెండూ ఒకరి దగ్గరే ఉండిపోయాయి. ఇద్దరి దగ్గర ఉండవలసినవి. అప్పుడు నేను గమ్యం ఏది, దారులేవి అని అడగలేదు. తలుపు వేసి, "ఇది జరగకూడదు. మళ్ళీ జరగదని ఇవాళే రాసివ్వండి," అన్నాను. దారి తెలియనివాడికి దారి చెప్పాలి. నియమం తప్పినవాడికి నియమం చెప్పాలి. దారి తెలిసీ కాలు కదలనివాడి దగ్గరే ఈ కోచింగ్ పనికొస్తుంది. మూడు నెలలకి నేను నేర్చుకున్నది ఈ తేడా ఒక్కటే. తలుపు వెయ్యడం మాత్రం మూడింటికీ అవసరమే!

డిసెంబరులో ఆ రిపోర్టు రాశాను. సంతకం చేస్తుంటే, ఆదివారాలు ఈతకోటలో ఎవరి దగ్గరో ఈత నేర్చుకుంటున్నాడని మా అటెండరు చెప్పాడు. ఊరిపేరు చూసి వెళ్ళాడేమోనని హాలంతా నవ్వుకున్నారు. అతనూ నవ్వాడు.

మా ఇంట్లో మాత్రం ఈ విద్య నాకే ఎదురు తిరిగింది. మొన్న ఆదివారం పనసపొట్టు కూర అడుగంటింది. విస్తట్లో ముద్ద కలుపుతూ మా వారు, "ఏమోయ్, ఏం అడ్డొచ్చింది?" అన్నారు, మహా శాంతంగా. నేను నోరు తెరిచేలోగా మా అత్తగారు అందుకున్నారు:

"ఫోను అడ్డొచ్చిందిరా. అరగంటసేపు ఎవరికో కోచింగ్ ఇస్తోంది."